చిన్న చిన్న ఎర్రర్ కాయిన్లను గ్రేడింగ్‌కి పంపాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నా, గురువారం జుమ్మెరాత్ బజార్‌లో నడుస్తున్నా, చివరికి పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నా నన్ను తెలిసినవాళ్ళు అడిగేది ఒకటే. "ఈ బిళ్ళ మీద అచ్చు తప్పు పడింది. గ్రేడింగ్ చేయిస్తే రేటు వస్తుందా?" అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. గ్రేడింగ్ అంటే నాణేన్ని ఒక సంస్థకు పంపి, అసలుదో కాదో తేల్పించి, దాని స్థితికి ఒక అంకె వేయించడం. చిన్న ఎర్రర్లకు, అంటే చిన్న అచ్చు తప్పులకు, అది చాలావరకు దండగే. కానీ ఏది చిన్నదో తెలియక నిజంగా మంచి నాణేన్ని పళ్ళబండి మీద ఇచ్చేసినవాళ్ళనూ చూశాను, అదీ బాధే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉండేలా రాశాను, అందుకని ఒక్కో మాట రెండు చోట్ల కనిపిస్తుంది.

## నాణెం చేతికి దొరికినప్పుడు

చిల్లరలో తేడాగా ఉన్న నాణెం వచ్చింది. ముందు ఏం చేయాలి?

కడగకండి, తోమకండి, చొక్కా అంచుతో కూడా తుడవకండి. వేళ్ళతో అంచులు పట్టుకుని, మిగతా చిల్లరతో కలవకుండా చిన్న కాగితపు కవర్లో వేయండి. ఎప్పుడు, ఎక్కడ దొరికిందో కవర్ మీద రాయండి. తర్వాత కిటికీ దగ్గర పగటి వెలుగులో రెండు వైపులా, వీలైతే అంచు కూడా ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే మెరుపు వచ్చి అసలు తేడా కనిపించకుండా పోతుంది. పక్కన అదే రకం మామూలు నాణెం పెట్టి ఇంకో ఫొటో తీస్తే పోల్చి చెప్పడం ఎవరికైనా తేలిక.

ఎర్రర్ కాయిన్ అంటే అసలేంటి? తేడాగా ఉన్నదల్లా ఎర్రరేనా?

కాదు. నాణెం ఎలా తయారవుతుందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. లోహపు రేకు నుంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కోస్తారు, వాటిని బ్లాంక్ అంటారు. ఆ బ్లాంక్ ఒక ఉక్కు చట్రంలో, అంటే కాలర్‌లో కూర్చుంటుంది. పైనొక డై, కిందొక డై (ముద్ర చెక్కి ఉన్న అచ్చులు) కలిసి ఒక్క దెబ్బ వేస్తే రెండు వైపులా ముద్ర ఒకేసారి పడుతుంది. ఇదంతా నిమిషానికి వందల నాణేల వేగంతో జరుగుతుంది. బ్లాంక్ సరిగా కోయకపోవడం, డై పగలడం లేదా దాంట్లో గ్రీజు నిండడం, దెబ్బ పడే క్షణంలో బ్లాంక్ పక్కకు జరగడం, ఈ మూడింటిలో దేనివల్ల వచ్చిన తేడా అయినా ఎర్రరే. టంకశాల గేటు దాటాక జరిగిందేదైనా దెబ్బ మాత్రమే. బస్సు టైరు కింద నలిగినా, గ్యాస్ స్టవ్ మీద కాలినా, ఎవరో సుత్తితో కొట్టినా ఆ నాణెం ఎర్రర్ కాదు.

సంవత్సరం కింద నక్షత్రం గానీ చుక్క గానీ లేదు. ముద్ర పడలేదా?

పడింది. అది కోల్‌కతా టంకశాల నాణెం, వాళ్ళు ఏ గుర్తూ వేయరు. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌ది, చుక్క ఉంటే నోయిడాది, వజ్రం ఆకారం ఉంటే ముంబైది. గుర్తు లేకపోవడాన్ని ఎర్రర్ అని చెప్పి అమ్మేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త.

రూపాయి గుర్తు లేని పది రూపాయల బిళ్ళ ఎర్రర్ కదా?

కాదు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, నాణేల మీద 2011 నుంచి కనిపిస్తుంది. అంతకు ముందు వేసిన వాటి మీద ఉండదు. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక ప్రకటన ఇచ్చింది. అప్పటికి పది రూపాయల నాణెం 14 డిజైన్లలో వచ్చిందని, గుర్తు ఉన్నా లేకపోయినా అన్నీ చెల్లుతాయని అందులో చెప్పింది. మన ఊళ్ళో ఎంతోమంది దుకాణదారులు పది బిళ్ళ వద్దంటారు కాబట్టి ఈ అనుమానం ఇంకా పోలేదు.

నాణేన్ని చింతపండుతో తోమేశాను. ఇప్పుడు తళతళా మెరుస్తోంది. మంచిదే కదా?

మంచిది కాదు, బాధగానే చెబుతున్నాను. చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్, కూల్‌డ్రింక్, ఏది వాడినా నాణెం పైపొర పోతుంది, సన్నటి గీతలు పడతాయి. గ్రేడింగ్ సంస్థలు దీన్ని చూడగానే పట్టేస్తాయి. మామూలు అంకె ఇవ్వకుండా, శుభ్రం చేసిన నాణెం అనే అర్థంలో 'డీటెయిల్స్' అని రాసి పంపుతాయి. పెద్ద ఎర్రర్ అయితే అలా ఉన్నా కొంత విలువ నిలుస్తుంది. చిన్న ఎర్రర్ అయితే దాన్ని గ్రేడింగ్‌కి పంపే ఆలోచన అక్కడితో వదిలేయండి.

## అసలుదో కాదో తేల్చుకునేటప్పుడు

నాణెం మీద అడ్డంగా గీత ఉంది. డై క్రాకా, ఎవరో గీశారా?

గోరు కొనతో మెల్లగా తాకండి. గీత పైకి ఉబికి ఉంటే డై పగిలిందని అర్థం. డై మీది పగులులోకి లోహం దూరి నాణెం మీద గట్టులా లేస్తుంది. లోపలికి దిగి ఉంటే అది గీసిన గీతే. ఈ ఒక్క పరీక్షతో నాకు వచ్చే ఫొటోల్లో సగం తేలిపోతాయి. డై పగులు అంచు దాకా పాకి అక్కడి ముక్క ఊడిపోతే, నాణెం అంచున ఆకారం లేని ముద్ద కనిపిస్తుంది. దాన్ని కలెక్టర్లు కడ్ అంటారు. సన్నటి క్రాక్ కన్నా దానికి గిరాకీ ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టి లోహం కాబట్టి డైల మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్ళల్లో ఇలాంటి సన్నటి క్రాకులు తరచుగా దొరుకుతాయి. అందుకే వాటిని చిన్న ఎర్రర్లుగానే లెక్కించాలి.

అక్షరాలు రెండుసార్లు పడినట్టు నీడలా కనిపిస్తున్నాయి. డబుల్ డై అంటే ఇదేనా?

నూటికి తొంభైసార్లు కాదు. అచ్చు పడే సమయంలో డై కొంచెం అదిరితే అక్షరం పక్కన చదునుగా, మెట్టులా ఒక నీడ వస్తుంది. అది మెషిన్ డబ్లింగ్. దాన్ని గ్రేడింగ్ సంస్థలు ప్రత్యేకమైన రకంగా గుర్తించవు, లేబుల్ మీద రాయవు. నిజమైన డబుల్ డై వేరు. అక్కడ డై తయారీలోనే ముద్ర రెండుసార్లు పడి ఉంటుంది. రెండో అక్షరం కూడా గుండ్రంగా, నిండుగా ఉంటుంది, అక్షరాల మూలల్లో చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు, ఈ తేడా తెలుస్తుంది.

సింహాల వైపు నిటారుగా పట్టుకుని తిప్పితే అంకె వైపు వంకరగా వస్తోంది. దీనికి విలువ ఉందా?

మన నాణేలను పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి నిలువుగా పట్టుకుని, పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే రావాలి. వంకరగా వస్తే డై తిరిగినట్టు. పది పదిహేను డిగ్రీల వంకర చాలా మామూలు, దానికి ఎవరూ అదనంగా ఇవ్వరు. 90 డిగ్రీలు దాటితే కలెక్టర్లు ఆగి చూస్తారు. 180 డిగ్రీలు, అంటే పూర్తిగా తలకిందులుగా ఉంటే మంచి నాణెమే. ఫొటోలో ఇది చూపించడం కష్టం కాబట్టి చిన్న వీడియో తీసి పెట్టుకోండి.

ఒక వైపు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంది. ఇది పెద్దదేనా?

అసలుదైతే పెద్దదే. దీన్ని బ్రోకేజ్ అంటారు. అచ్చు పడిన నాణెం బయటికి రాకుండా డైకి అతుక్కుపోతే, తర్వాత వచ్చిన బ్లాంక్‌కి ఒక వైపు డై ముద్ర, రెండో వైపు ఆ అతుక్కున్న నాణెం ముద్ర పడతాయి. కాబట్టి ఒక వైపు మామూలుగా ఉండాలి, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి లోతుగా ఉండాలి.

నకిలీ ఎలా చేస్తారంటే, రెండు నాణేలను కలిపి బెంచ్ వైస్‌లో బిగించి నొక్కుతారు. అప్పుడు ఉన్న బొమ్మ మీదే తిరగబడిన గుర్తులు పడతాయి, మొదటి బొమ్మ నలిగి చదునుగా మారుతుంది. అంచు గీతలు కూడా నలుగుతాయి. పాత బొమ్మ అవశేషాలు, కొత్త తిరగబడిన బొమ్మ ఒకే వైపు కలిసి కనిపిస్తే అనుమానించండి. నాణేలను కోయడం, పగలగొట్టడం 2011 నాటి నాణేల చట్టం కింద నేరం, ఏడేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. ఎర్రర్ పేరుతో నాణేలను పాడుచేసే పని ఎవరు నేర్పినా దూరంగా ఉండండి.

అంచు దగ్గర చంద్రవంకలా ముక్క లేదు. కోసేశారా, టంకశాలలోనే అలా వచ్చిందా?

రేకు నుంచి బ్లాంక్ కోసేటప్పుడు పక్క రంధ్రం మీదికి వెళ్తే ఇలా వస్తుంది, దీన్ని క్లిప్ అంటారు. అసలు క్లిప్‌కి రెండు సాక్ష్యాలుంటాయి. తెగిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కొంచెం పల్చగా, బలహీనంగా ఉంటుంది. తెగిన చోటు దగ్గర అక్షరాలు కొద్దిగా సాగినట్టు ఉంటాయి, కోసినట్టు టక్కున ఆగవు. ఆకురాయితో అరగదీసిన నాణెంలో ఈ రెండూ ఉండవు, అరగదీసిన గీతలు భూతద్దంలో కనిపిస్తాయి. అసలు క్లిప్ ఉన్న నాణెం బరువు కూడా తగ్గి ఉండాలి.

పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ళ పక్కకు జరిగింది. ఇది ఏ రకం?

కొద్దిగా జరిగితే చిన్న ఎర్రర్. మధ్య బిళ్ళ బయటి వలయం మీదికి ఎక్కి, ముద్ర రెండు లోహాల మీదా కలిసి పడితే పెద్దది. మధ్య బిళ్ళను ఊడగొట్టి తిప్పి బిగించినవి కూడా తిరుగుతున్నాయి. వాటిలో వలయం మీద నుంచి మధ్య బిళ్ళ మీదికి సాగే గీతలు ఒకదానికొకటి కలవవు, అతుకు దగ్గర పొడిచిన గాట్లు కనిపిస్తాయి.

బరువు చూడటం ఎందుకు? ఎంత ఉండాలి?

చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోండి, గ్రాములో నూరో వంతు చూపేది. బేగంబజార్‌లో దొరుకుతుంది. ఈ సరదా మీద పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. 1992 నుంచి వచ్చిన పాత స్టీలు రూపాయి 4.85 గ్రాములు. పదకొండు మూలల పాత రెండు రూపాయల బిళ్ళ 6 గ్రాములు. మందపాటి పాత ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు. పది రూపాయలది 7.71, పన్నెండు మూలల ఇరవై రూపాయలది 8.54 గ్రాములు. కొద్దిపాటి తేడా సహజం. బాగా తేడా వస్తే రెండు కారణాలుండొచ్చు. వేరే నాణెం బ్లాంక్ మీద ముద్ర పడి ఉండొచ్చు, అప్పుడు అది నిజంగా అరుదైనది. లేదా ఎవరో యాసిడ్‌లో ముంచి ఉండొచ్చు, అప్పుడు అక్షరాలన్నీ సమానంగా పల్చబడి, ఉపరితలం గరుకుగా ఉంటుంది.

చర్లపల్లి టంకశాలకు తీసుకెళ్తే సర్టిఫికెట్ ఇస్తారా?

వాళ్ళ పని నాణేలు అచ్చు వేయడం. మన దగ్గరున్న ఎర్రర్లకు ధ్రువపత్రం ఇవ్వడం కాదు. కానీ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియంకు తప్పకుండా వెళ్ళండి. 1803లో నిజాం హయాంలో మొదలైన హైదరాబాద్ టంకశాల 1903లో అక్కడికి వచ్చింది, 1997లో చర్లపల్లికి మారింది. ఆ పాత యంత్రాల ముందు నిలబడి చూస్తే బ్లాంక్, డై, దెబ్బ అనే మాటలు ఒక్కసారిగా కళ్ళకు కడతాయి. ఎర్రర్ ఎలా పుడుతుందో పుస్తకం చదివి తెలుసుకునే దానికన్నా అక్కడ త్వరగా అర్థమవుతుంది.

## గ్రేడింగ్ చేయించాలా వద్దా

గ్రేడింగ్ అంటే ఏం చేస్తారు?

నాణెం అసలుదా కాదా చూస్తారు. తర్వాత అరుగుదల, మెరుపు, దెబ్బలు చూసి 1 నుంచి 70 వరకు ఒక అంకె ఇస్తారు. 60, ఆ పైన ఉంటే చలామణీలో అరగని నాణెం అని అర్థం. తర్వాత దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, నంబరుతో లేబుల్ పెడతారు. దాన్నే స్లాబ్ అంటారు. ప్రపంచంలో కలెక్టర్లు ఎక్కువగా నమ్మే సంస్థలు పీసీజీఎస్, ఎన్‌జీసీ. మొదటిది 1986లో, రెండోది 1987లో పని మొదలుపెట్టాయి. రెండూ అమెరికావే. అవి ఇచ్చేది నిపుణుల అభిప్రాయం. నాణెం కొనేస్తామన్న హామీ గానీ, ఇంత ధర పలుకుతుందన్న మాట గానీ దాంట్లో ఉండదు.

చిన్న ఎర్రర్లు ఏవి? పెద్దవి ఏవి?

నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. నాణేన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకున్నా, నాణేల గురించి ఏమీ తెలియని మనిషికి కూడా తేడా కనిపిస్తే అది పెద్దది. సగం బొమ్మ బయటికి పోయిన ఆఫ్ సెంటర్, బ్రోకేజ్, రెండు దెబ్బలు పడిన నాణెం, వేరే బ్లాంక్ మీద పడిన ముద్ర, పెద్ద క్లిప్ ఇలాంటివి. భూతద్దం తీసి "ఇదిగో ఇక్కడ చూడండి" అని చూపించాల్సి వస్తే చిన్నది. సన్నటి డై క్రాక్, అక్షరం మధ్య చిన్న చుక్క, గ్రీజు నిండి మసకబారిన అంకె, కొద్దిపాటి డై తిరుగుడు, మెషిన్ డబ్లింగ్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఆఫ్ సెంటర్‌లో ఇంకో మాట ఉంది. సంవత్సరం పూర్తిగా కనిపించేదానికి, కనిపించనిదానికి ధరలో బాగా తేడా ఉంటుంది.

మొత్తం ఖర్చు ఎంత అవుతుంది? గిట్టుబాటు అవుతుందా?

అందరూ గ్రేడింగ్ ఫీజు ఒక్కటే చూస్తారు. నిజానికి దానితో పాటు ఎర్రర్ అని గుర్తించి రాయడానికి విడిగా ఫీజు, పార్సెల్‌కు ఒక చార్జీ, వెళ్ళేటప్పుడు వచ్చేటప్పుడు రవాణా, ఇన్సూరెన్స్, మధ్యలో ఏజెంటు కమిషన్, తిరిగి దేశంలోకి వచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు, అన్నీ ఉంటాయి. కలిపితే ఒక్క నాణానికే వేల రూపాయల్లోకి వెళ్తుంది.

ఒక లెక్క వేద్దాం. మీ దగ్గర డై క్రాక్ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ ఉంది. కలెక్టర్ల దగ్గర స్లాబ్ లేకుండా 200 పలుకుతుందనుకుందాం. అన్నీ కలిపి ఖర్చు 5,000 అయిందనుకుందాం. మీ డబ్బు మీకు రావాలంటే అది 5,200కు అమ్ముడవ్వాలి. అదే నాణెం స్లాబ్ లేకుండా 200కు దొరుకుతున్నప్పుడు ప్లాస్టిక్ డబ్బా కోసం ఇంకో 5,000 ఎవరిస్తారు? ఎర్రర్ చిన్నదైనకొద్దీ అలాంటి నాణేలు ఎక్కువ దొరుకుతాయి. స్లాబ్ ఆ సంఖ్యను తగ్గించలేదు. అందుకే నా దగ్గరికి చిన్న ఎర్రర్ తెచ్చినవాళ్ళకు, ఆ ఐదు వేలతో ఒక మంచి పెద్ద ఎర్రర్ కొనుక్కోమనే చెబుతాను.

మరి చిన్న ఎర్రర్‌ని గ్రేడింగ్‌కి పంపే సందర్భమే లేదా?

ఉంది, తక్కువ. ఆ నాణెం ఎర్రర్ లేకపోయినా అరుదైనదై ఉండి, దాని మీద అదనంగా చిన్న ఎర్రర్ ఉంటే పంపవచ్చు. అప్పుడు ఖర్చును అసలు నాణెమే మోస్తుంది. ఒకే డై మీద పగులు మొదలై, పెరిగి, కడ్‌గా మారిన వరసంతా మీ దగ్గర ఉంటే, చివరిదాన్ని పంపి మిగతావి అలాగే ఉంచుకోవచ్చు. విదేశీ కొనుగోలుదారు ముందే ధర ఒప్పుకుని, స్లాబ్‌లో ఉంటేనే తీసుకుంటానని రాతపూర్వకంగా చెబితే కూడా పంపవచ్చు. ఈ మూడూ కాకపోతే వద్దు.

పంపాను, కానీ లేబుల్ మీద ఎర్రర్ అని రాయలేదు. ఎందుకు?

ఇది నాకూ జరిగింది. కొన్నేళ్ళ క్రితం నక్షత్రం గుర్తున్న నాలుగు నాణేలను ఒక ఏజెంటు ద్వారా పంపాను. నెలల తర్వాత వచ్చాయి. నాలుగింటికీ చక్కటి అంకెలున్నాయి, ఎర్రర్ అనే మాట మాత్రం ఎక్కడా లేదు. ఫారంలో ఎర్రర్ గుర్తింపు కోరే గడిని ఏజెంటు నింపనేలేదని తర్వాత తెలిసింది. అడగకపోతే, ఫీజు కట్టకపోతే వాళ్ళు రాయరు. ఆ స్లాబులను చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండో కారణం కూడా ఉంటుంది. అడిగినా, మీరు ఎర్రర్ అనుకున్నది వాళ్ళ నిబంధనల్లో ఎర్రర్ కాకపోవచ్చు. మెషిన్ డబ్లింగ్ విషయంలో ఎక్కువగా ఇదే జరుగుతుంది. అప్పుడు కూడా ఫీజు ఖర్చే.

అమ్మే ఉద్దేశం లేదు. మా తాతగారు ఇచ్చిన నాణెం, స్లాబ్‌లో పెట్టించుకుంటే తప్పా?

తప్పేం లేదు. జ్ఞాపకానికి గిట్టుబాటు లెక్క వేయక్కర్లేదు. కాకపోతే భద్రత ఒక్కటే కావాలంటే, నాణెం సైజుకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ తక్కువ ధరకే దొరుకుతుంది. ప్రయాణంలో పోయే భయం కూడా ఉండదు. నేనైతే తాతగారి నాణేన్ని దేశం దాటించను.

ఊళ్ళోనే కార్డు మీద సంతకం చేసి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. పనికొస్తుందా?

ఇచ్చే మనిషి ఎవరు, ఆయన మాటను వేరే కలెక్టర్లు డబ్బు పెట్టి నమ్ముతారా అన్నదే ప్రశ్న. అదే మనిషి మీకు నాణెం అమ్మి, అదే మనిషి సర్టిఫికెట్ ఇస్తే దానికి విలువ లేదు. నేర్చుకోవడం కోసం అనుభవమున్న ఇద్దరు ముగ్గురికి చూపించి వాళ్ళ అభిప్రాయం అడగండి. ఎగ్జిబిషన్లు జరిగేటప్పుడు చూపిస్తే చాలామంది ఉచితంగానే చెబుతారు.

## పంపాలని నిర్ణయించుకున్నాక

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం మీద తప్పు పడింది. అమెరికా పంపవచ్చా?

ముందు వయసు చూడండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు మనుషులు దేశం బయటికి పంపడం చట్టవిరుద్ధం. గ్రేడింగ్ కోసమే పంపి మళ్ళీ తెప్పిస్తామన్నా సరే. నాణెం మీద ఉండేది హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ సంవత్సరం, దాన్ని మామూలు క్యాలెండర్‌కి మార్చి చూడాలి. హిజ్రీ 1330 అంటే సుమారు 1911-12, కాబట్టి అది వందేళ్ళు దాటింది. "ఏం కాదు, మేం చూసుకుంటాం" అనే ఏజెంటు మాట వినకండి. పట్టుబడితే నాణెం పోతుంది, కేసు మీ మీద పడుతుంది.

ఇంకో సంగతి. చార్మినార్ గుమ్మంలో ఉండే అక్షరం తేడాగా ఉందని చాలామంది ఎర్రర్ అనుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అక్కడ అరబీ లిపిలోని మీమ్ అక్షరం ఉంటుంది, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ వాటి మీద ఐన్ అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్ళలో ఆ ఐన్ సగమే ఉన్నవి కూడా వచ్చాయి. అది డిజైన్‌లో రకం, అచ్చు తప్పు కాదు. కలెక్టర్లు దాన్ని రకంగానే వెతికి కొంటారు.

నేనే కొరియర్‌లో పంపవచ్చా, ఏజెంటు తప్పనిసరా?

చాలా అంతర్జాతీయ కొరియర్ సంస్థలు నాణేలను మామూలు పార్సెల్‌గా తీసుకోవు. అందుకే ఎక్కువమంది గుత్తగా పంపే డీలర్ ద్వారా వెళ్తారు. డబ్బు ఇచ్చే ముందు ఇవి రాతలో తీసుకోండి. ఏ నాణెం, ఎంత బరువు, ఏ ఫొటో. దారిలో పోతే ఎంత ఇస్తారు. ఎర్రర్ ఫీజు కట్టారా. ఎప్పటికి తిరిగొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు సుంకం పడితే ఎవరు కడతారు. బయటికి వెళ్ళిన వస్తువే తిరిగొస్తోందని చూపే కాగితాలు సరిగా లేకపోతే కస్టమ్స్ దగ్గర దాన్ని కొత్తగా దిగుమతి చేసినట్టు చూస్తారు. నోటిమాట మీద ఏదీ వదలకండి.

ఫారంలో ఎర్రర్ గురించి ఏం రాయాలి?

ఒక్క వాక్యం చాలు, కానీ స్పష్టంగా ఉండాలి. ఎర్రర్ పేరు, ఏ వైపు, గడియారం ముల్లు లెక్కన ఎక్కడ. ఉదాహరణకు "అంకె వైపు, 4 గంటల చోట, అంచుకు అంటిన కడ్". ఫీజు గడి నింపారో లేదో మీ కళ్ళతో చూసి, ఆ ఫారం ఫొటో తీసుకోండి.

## అమ్మేటప్పుడు, దాచుకునేటప్పుడు

నా ఎర్రర్ నాణేన్ని లక్షలకు కొంటామని ఫోన్ వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టకండి, ఒక్క రూపాయి కూడా. ఇది మోసం. పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరుతో, రిజర్వ్ బ్యాంక్ పేరు వాడి కమిషన్, పన్ను, ఫీజు అడిగేవాళ్ళు ఉన్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరించింది. తమకు ఇలాంటి లావాదేవీలతో సంబంధం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని చెప్పింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు వస్తాయని తిరిగే వీడియోలూ ఈ కోవలోవే. నిజమైన కొనుగోలుదారు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఇందులో మీ తప్పు లేదు.

స్లాబ్‌లో ఉన్న ఎర్రర్ కాయిన్ కొంటున్నాను. స్లాబే నకిలీ అయితే?

నకిలీ స్లాబులు ఉన్నాయి. లేబుల్ మీది నంబరును ఆ సంస్థ సైట్‌లో మీరే కొట్టి చూడండి, అమ్మేవాడు పంపిన లింకు నొక్కకండి. అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని నాణెం మీది మచ్చలు, గీతలు దానితో పోల్చండి. నంబరు అసలుదై, లోపలి నాణెం వేరేదైన సందర్భాలూ ఉంటాయి.

స్లాబ్ లేకుండా చిన్న ఎర్రర్‌ని న్యాయమైన ధరకు ఎలా అమ్మాలి?

పగటి వెలుగులో తీసిన స్పష్టమైన ఫొటోలు, బరువు, ఎర్రర్ సరైన పేరు, ఈ మూడూ ఉంటే చాలు. "అరుదైనది, చివరి నాణెం" లాంటి మాటలు రాయకండి. తెలిసిన కలెక్టర్ అవి చూడగానే పక్కకు వెళ్ళిపోతాడు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర చూసి మీ ధర పెట్టకండి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. వేలంలో చివరికి ఎంతకు అమ్ముడయిందో చూడండి. చిన్న ఎర్రర్లు ఒక్కొక్కటిగా కన్నా, ఒకే రకం పది కలిపి కట్టగా అమ్మితే తొందరగా పోతాయి.

దాచుకోవడానికి ఏది మంచిది? ఆల్బమ్ పేజీల్లో పెట్టాను, పచ్చగా జిగురు వస్తోంది.

అది పీవీసీ ప్లాస్టిక్. వెంటనే బయటికి తీయండి. ఆ పచ్చటి జిగురు రాగి కలిసిన నాణేలను తినేస్తుంది. చిలుములా పైకి కనిపిస్తుంది, లోపల గుంటలు పడతాయి. పీవీసీ లేనివని రాసి ఉన్న కవర్లు, లేదా మధ్యలో పారదర్శకమైన కిటికీ ఉన్న అట్ట చట్రాలు వాడండి. అట్ట చట్రానికి స్టేపుల్ కొట్టేటప్పుడు నాణేనికి తగలకుండా చూడండి. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, రెండు నెలలకోసారి మార్చండి.

నాన్నగారు పోయాక ఆయన డబ్బాలో వందల నాణేలు బయటపడ్డాయి. ఏం పట్టించుకోవాలో తెలియడం లేదు.

తొందరపడకండి, ఎవరికీ మొత్తం డబ్బాగా అమ్మకండి. ఆయన కాగితాల మీద రాసుకున్నవి, కవర్ల మీది అక్షరాలు అలాగే ఉంచండి. ఏది ఏమిటో చెప్పే ఆధారం అదే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు కలిసి కూర్చుని విలువ, సంవత్సరం, గుర్తుల వారీగా వేరు చేయండి. చేయి చాచినంత దూరం నుంచి చూసినా వింతగా అనిపించేవి ఒక పక్కన పెట్టండి. అవి బహుశా పదికి మించవు. ఆ పదింటినీ బరువు తూచి, ఫొటో తీసి, అనుభవమున్న ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఇద్దరూ ఒకే మాట చెప్పిన వాటి గురించే గ్రేడింగ్ ఆలోచన చేయండి. మిగతావి పిల్లలకు చూపించి, నాన్నగారి కథలు చెబుతూ పంచండి.